ఇటుక బట్టీ జట్టుకి కప్పు

డ్యామ్ క్యాంపు,
మూడో నంబరు షెడ్డు.

దేశాధ్యక్షురాలు అక్కకీ, ఆవిడ చెంగు పట్టుకు తిరిగే ఆర్థిక మంత్రి బావకీ,

ప్రతిపక్ష నాయకుడు, ఫుట్‌బాల్ సమాఖ్య పెద్ద, పొట్ట కోసం క్రేన్ డ్రైవరు అయిన నేను రాసే బహిరంగ లేఖ. అక్కా, నువ్వు గట్టిగా చదువు. బావ వినాలి, గోడలు కూడా వినాలి.

ముందు ప్రభుత్వాన్ని దులపాలి. బావా, నీ బడ్జెట్ అందింది. కోటు గుండీ విలువ పెంచి చొక్కా గుండీ విలువ తగ్గించావు. నా ఖజానాలో ఉన్నవన్నీ చొక్కా గుండీలేనని తెలిసే కదా? దీన్ని ఆర్థిక విధానం అనరు, బామ్మర్ది మీద కక్ష అంటారు. పార్లమెంటులో నిలదీద్దామంటే ఆ పార్లమెంటు మీ వంటింటి బల్ల. నేనిక్కడ కొండల్లో సిమెంటు బకెట్లు ఎత్తుతూ కూర్చున్నాను.

చరిత్ర మర్చిపోకండి. అమ్మ కుట్టుమిషను కింద రాలిన గుండీలు బిస్కెట్ డబ్బాలో పోసి ఈ దేశం పెట్టింది నేనూ అక్కా. నేను నిక్కర్లో ఉన్నాను, అక్క అప్పుడే అధ్యక్షురాలైపోయింది. తరవాత నువ్వు పెళ్ళి చేసుకుని వచ్చి పౌరసత్వం అడిగితే జాలిపడి ఇచ్చాం. ఎవరికీ అక్కర్లేని ఇటుక బట్టీ జట్టుని నీకు అంటగట్టాం. అప్పట్నుంచీ ప్రతి ఎన్నికలోనూ మొగుడూ పెళ్ళాం కలిసి రెండు ఓట్లు, నాకు ఒకటి. ఇది ప్రజాస్వామ్యమా? కాపురం!

ఇక ఆటల వార్తలు. లీగు మొదలైంది. పద్ధతి పాతదే. కాగితం మీద మన ఎనిమిది జట్లు, గ్లాసులో పాచిక వేసి ఊపడం, ఒక్కో జట్టుకి అయిదు విసుర్లు, ఆరు పడితే గోలు. పౌరుడు కాని సాక్షి ఉండాలన్నది రాజ్యాంగం కాబట్టి మా క్యాంపు వంటాయన్ని రిఫరీగా పెట్టాను. మొదట్లో ‘ఇదేం పిచ్చి’ అన్నాడు. ఇప్పుడు పొయ్యి మీద గిన్నె మాడుతున్నా కదలడు. పోయినసారి నేను పాచిక కాస్త మోచేత్తో తోశానని గరిటె పుచ్చుకుని లేచాడు.

మొదటి మ్యాచ్: రైల్వే గేటు నాలుగు, ఇటుక బట్టీ సున్నా. బావా, నీ గోల్‌కీపర్ని గోలీ అనకూడదు, తలుపు లేని గుమ్మం అనాలి. నీ ముందు వరస ఆటగాడు ఆ ముసలోడున్నాడే, బంతి కాళ్ళ దగ్గరికొస్తే ‘ఎవరు బాబూ నువ్వు’ అని అడిగాడట. ఇన్నేళ్ళుగా వాణ్ణి ఎందుకు మోస్తున్నావు? పింఛను ఇచ్చి పంపించెయ్. రాజ్యాంగంలో రిటైర్మెంట్ రూలు లేకపోతే రాద్దాం, కలం నా దగ్గరుంది.

కప్పు, అదే అమ్మ వేలికి తొడుక్కుని కుట్టే ఇత్తడి టోపీ, నా పెట్టెలో భద్రంగా ఉంది. పోయినేడూ మా రేవు జట్టే గెలిచింది, అంతకు ముందేడూ మా రేవు జట్టే. నీకు ఫోటో తీసి పంపుతాను, ముద్దు పెట్టుకో.

బావా, నీ రాత ఈసారి వంకర్లు పోయిందేం? కడుపునొప్పి అని రాశావు. నీ బడ్జెట్ నీకే అరగలేదేమో.

నీ శత్రువు,
తమ్ముడు

*

ప్రెస్సు,
ప్రూఫుల గది.

తమ్ముడూ,

దీనికి జవాబు ఇంటికి రాయకు. ప్రెస్సు అడ్రసుకి రాయి. లీగు ఉత్తరాలు ఎప్పట్లాగే ఇంటికి రాయి.

మీ బావకి కాలేయం పాడైంది. మామూలుగా కాదు. పరీక్షలయ్యాక డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు. ఆయన బయట బెంచీ మీద కూర్చుని ఆసుపత్రి కరెంటు మీటరు వైపు చూస్తున్నారు, అలవాటు కదా. డాక్టరు కోసి లాభం లేదన్నాడు. వానాకాలం దాటాక చెప్పలేనన్నాడు. నేను బయటికొచ్చి, ‘పుండట, మందులు వాడితే తగ్గుతుందట, కారం మానెయ్యాలట’ అన్నాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ అబద్ధం. ఇరవయ్యేళ్ళుగా ఒకళ్ళ తప్పులు దిద్దడమే నా పని. ఆ క్షణంలో ఒక్క తప్పూ లేకుండా చెప్పేశాను.

ఎందుకు చెప్పలేదంటావు. ఆయన నాన్నకీ ఇదే జబ్బు. డాక్టరు ఆయన మొహం మీదే చెప్పేశాడట. ఆ రోజు గోడవైపు తిరిగి పడుకున్న మనిషి మళ్ళీ ఇటు తిరగలేదు. మీ బావ ఆ మంచం పక్కనే పెరిగారు. తెలిస్తే ఈయనా అంతే. తెలియనన్నాళ్ళూ లేస్తారు, గడ్డం గీసుకుంటారు, సంచీ తగిలించుకుని మీటర్లు చదవడానికి వెళ్తారు. నాకు ఆ నాలుగు రోజులు కావాలిరా.

నువ్వు రావద్దు. ఏడాదికోసారి వచ్చేవాడివి ఇప్పుడు ఊడిపడితే ఆయనకి అర్థం కాదా? నీ మొహం అసలే దాచుకోలేవు, నవ్వించడానికి తప్ప పనికిరాదు.

ఒక్కటి అడుగుతాను. నీ ఉత్తరం చదివితే ఎంత నవ్వారో. నవ్వాక, ‘ఒక్కసారైనా మా బట్టీ గెలిస్తే బాగుండు, ఆ ఇత్తడి టోపీ మన అద్దం ముందు పెట్టుకునేవాళ్ళం’ అన్నారు. పిల్లల్లేని ఇల్లని ఎవరైనా అంటే, ‘ఎనభై ఎనిమిది మంది ఆటగాళ్ళున్నారు, ఇంకెంతమంది కావాలి’ అంటారు కదా. ఈసారికి ఆయన్ని గెలిపించు. పాచిక నీ చేతిలోనే ఉంది. నేను అధ్యక్షురాలిగా ఆజ్ఞాపించడం లేదు, అక్కగా అడుగుతున్నాను.

అక్క

*

డ్యామ్ క్యాంపు.

అక్కా,

నీ ఉత్తరం క్రేన్ పైన, క్యాబిన్లో చదివాను. బకెట్ నిండా సిమెంటు గాల్లో వేలాడుతోంది. కింద మేస్త్రీ దించమని చేతులూపుతున్నాడు, తరవాత తిట్టాడు, తరవాత భయపడి ఊరుకున్నాడు. నేను ఎంతసేపటికీ దించలేదు. చేతులు ఏ మీట మీద ఉన్నాయో నాకే తెలియలేదు.

రావద్దంటే రాను. కానీ నువ్వు అడిగింది మాత్రం చెయ్యను.

తిట్టే ముందు విను. నేను ఎనిమిదో క్లాసు రెండుసార్లు తప్పినవాణ్ణి, జీవితంలో అన్నింట్లో తొండి చేశాను. పేకాటలో చేశాను, పరీక్షలో చేశాను, పెళ్ళిచూపుల్లో వయసు విషయంలో చేశాను, అందుకే పెళ్ళి కాలేదు. లీగులో మాత్రం చెయ్యలేదు. అది బావకి తెలుసు. ఇటుక బట్టీ ఎప్పుడూ ఆఖర్నే ఉంటుందనీ, నేను పొరపాటున కూడా జాలిపడననీ ఆయనకి గట్టి నమ్మకం. అలాంటిది ఈ ఏడు, కడుపులో నొప్పి మొదలైన ఏడు, బట్టీ కప్పు కొట్టిందనుకో. బావ వెర్రివాడా? అది కప్పు కాదక్కా, డాక్టరు చీటీ. నువ్వు ఆసుపత్రి బయట దాచింది నేను బహుమతి కాగితంలో చుట్టి పంపినట్టు అవుతుంది.

ఆయన ఓడిపోతూనే ఉండాలి. నేను తిడుతూనే ఉండాలి. ఏమీ మారలేదని ఆయనకి అనిపించాలంటే నా దగ్గరున్నది ఈ పాడు నోరొక్కటే.

మందులు వేళకి ఇస్తున్నావా? నువ్వు తింటున్నావా?

తమ్ముడు

*

డ్యామ్ క్యాంపు,
మూడో నంబరు షెడ్డు.

అధ్యక్షురాలికీ, అదృష్ట జాతకుడైన ఆర్థిక మంత్రికీ,

దేశంలో అరాచకం ప్రబలింది. ఇటుక బట్టీ వరసగా మూడో మ్యాచ్ కూడా గెలిచింది. గంట స్తంభం జట్టుని రెండు సున్నాతో కొట్టింది. నేను గ్లాసు మార్చాను, పాచిక మార్చాను, బల్ల మార్చాను, చివరికి ఎడం చేత్తో విసిరాను. అయినా ఆరే. వంటాయన అయితే ‘ఎవరయ్యా ఈ బట్టీ వాళ్ళు, భలే ఆడుతున్నారే’ అని రోజూ అడుగుతున్నాడు. వాళ్ళు ఆడటం లేదు బాబూ, గుడ్డివాడి చేతికి రాయి దొరికిందంతే అని చెప్పాను.

బావా, విర్రవీగకు. నీ ముసలోడు ఇంకా ఒక్క గోలు కూడా కొట్టలేదు. మొన్న మ్యాచ్ మధ్యలో మైదానంలోనే కునుకు తీశాడు, బంతి వాడి వీపుకి తగిలి పక్కవాడి కాళ్ళ దగ్గర పడితే వాడు కొట్టాడు. దాన్ని నువ్వు వ్యూహం అంటావు, నాకు తెలుసు. మీ బట్టీలో ఇటుకల ఎగుమతి ఎలాగూ లేదు, ఇక నిద్ర ఎగుమతి చెయ్యి. మా రేవు జట్టుతో ఆఖరి మ్యాచ్ ఉంది, అక్కడ మీ ఇటుకలన్నీ పొడి చేసి కుంకుడు రసంలా పారబోస్తాం.

చొక్కా గుండీ విలువ సంగతి మర్చిపోలేదు. పోరాటం ఆగదు.

నీ శత్రువు,
తమ్ముడు

*

ప్రెస్సు,
ప్రూఫుల గది.

తమ్ముడూ,

ఎందుకిలా చేశావు? చెయ్యనని రాసి మరీ చేశావు. నేను అడిగినప్పుడు నాకు బుద్ధి లేదు, నువ్వు వివరంగా చెప్పాక వచ్చింది. బుద్ధి వచ్చాక ఈ పనేమిటి?

మొదటి గెలుపుకి నవ్వారు. రెండోదానికి నా వైపు చూశారు. నిన్న మూడోది చదువుతుంటే, ‘ఇంక చాల్లే’ అన్నారు. కాసేపు బిస్కెట్ డబ్బాలో గుండీలు అటూ ఇటూ కదుపుతూ కూర్చున్నారు. తరవాత మామూలుగానే, టీలో పంచదార సరిపోయిందా అన్నట్టుగా, ‘నాకేమైందే?’ అని అడిగారు.

‘ఏమవుతుంది, పుండు’ అన్నాను.

‘మరి వాడు నన్నెందుకు గెలిపిస్తున్నాడు?’

స్టవ్ దగ్గరికెళ్ళి లేని పని కల్పించుకున్నాను. ఆ పూట కంచంలో సగం వదిలేశారు. ఇవాళ మీటర్లకి వెళ్ళలేదు. సంచీ తలుపు వెనక మేకుకి అలాగే వేలాడుతోంది. పడుకున్నారు. ఏ వైపు తిరిగి పడుకున్నారో చూడటానికి నాకు ధైర్యం లేక బూట్లు చేత్తో పట్టుకుని వచ్చేశాను.

ప్రెస్సులో పాఠ్యపుస్తకం ప్రూఫులు వచ్చాయి. ఒకే పేజీ నాలుగుసార్లు చదివాను. తప్పులు కనపడటం లేదు.

నువ్వే పాడు చేశావు, నువ్వే బాగుచెయ్యి.

అక్క

*

డ్యామ్ క్యాంపు.

అక్కా,

అమ్మ మీద ఒట్టు. ఒక్క విసురు కూడా నేను దిద్దలేదు. కావాలంటే వంటాయన్ని అడుగు, ఆ మనిషి దేవుడికైనా తప్పుడు స్కోరు చెప్పడు. ఇన్నేళ్ళు ఆ పాచిక బావని కుక్కలా తిప్పింది. ఈ ఏడే దానికి జాలి పుట్టింది. నేను నిజం ఆడితే అబద్ధమంటున్నారు. ఇక అబద్ధం ఆడితేనే నిజమనుకుంటారు కాబోలు.

ఎక్కడైనా ఉందా ఈ విడ్డూరం? బావ గెలవాలని ఇరవై ఏళ్ళలో మొదటిసారి నేను మనసులో అనుకున్నాను, ఆ పాపిష్ఠి పాచిక విన్నట్టుంది.

ఇంకో మ్యాచ్ ఉంది. మా రేవుతోనే. ఇద్దరి పాయింట్లూ సమానంగా ఉన్నాయి, గెలిచినవాడిదే కప్పు. ఏం పడినా సరే, బట్టీ ఓడిపోతుంది. నేను చూసుకుంటాను. నువ్వు ఇంటికెళ్ళి ఆయన ఎటు తిరిగి పడుకున్నాడో చూడు. గోడవైపు ఉంటే ఏదో ఒకటి అడిగి ఇటు తిప్పు. గుండీల లెక్క అడుగు, తప్పు లెక్క చెప్పు, దిద్దకుండా ఉండలేడు.

తమ్ముడు

*

డ్యామ్ క్యాంపు,
మూడో నంబరు షెడ్డు.

అక్కకీ, బావకీ,

ఆఖరి మ్యాచ్ అయిపోయింది. రేవు జట్టు రెండు, ఇటుక బట్టీ ఒకటి. కప్పు మళ్ళీ రేవు జట్టుకే వచ్చింది.

మొదట బట్టీ వాళ్ళే గోలు కొట్టారు. సగం ఆట దాకా ముందున్నారు. తరవాత రేవు వాళ్ళకి వరసగా రెండు ఆర్లు పడ్డాయి. బట్టీ వాళ్ళ చివరి విసురు ముసలోడిది. పాచిక బల్ల అంచు దాకా దొర్లి, అయిదు మీద ఆగింది. ఇంకొక్క పక్కకి ఒరిగితే సమానమయ్యేది.

బట్టీ వాళ్ళు ఈ ఏడు బాగా ఆడారు. గోలీ కూడా బాగా పట్టాడు. ముసలోడు కష్టపడ్డాడు. వచ్చే ఏడు చూద్దాం.

ఇక్కడ వాన మొదలైంది. రోడ్డు బాగులేదు. ఆరోగ్యం జాగ్రత్త.

తమ్ముడు

*

ప్రెస్సు,
ప్రూఫుల గది.

తమ్ముడూ,

నీ నోట్లో పంచదార పొయ్యాలి.

చదవగానే మీ బావ లేచి కూర్చున్నారు. కాగితం నా చేతిలోంచి లాక్కుని మళ్ళీ చదువుకున్నారు. తరవాత, ‘చూశావా, చూశావా! నేను చెప్పలా? ఆ వెధవ కప్పు దగ్గరికొచ్చేసరికి తన బుద్ధి చూపించుకున్నాడు. నేను చచ్చేవాణ్ణయితే గెలవనిచ్చేవాడే! అంటే నాకేం లేదన్నమాట’ అని తొడ చరుచుకుని నవ్వారు. నిన్ను ఎన్ని తిట్టారో రాస్తే ప్రెస్సులో కూడా అచ్చు వెయ్యరు.

రెండోసారి అడిగి మరీ వడ్డించుకున్నారు. మర్నాడు సంచీ తగిలించుకుని ఆఫీసుకి వెళ్ళారు. వీధి మలుపు దాకా కిటికీలోంచి చూశాను. చొక్కా భుజాల మీద వేలాడుతోంది, మనిషి సగమైపోయాడు, అయినా ఆ చొక్కా నడుస్తోంది కదరా. నాకు అది చాలు.

మెట్లున్న ఇళ్ళు తోటి మీటర్ రీడరు చూసుకుంటున్నాడట. ఈయనకి నేల మీద ఇళ్ళు మాత్రమే ఇస్తున్నాడు. ఆ తోటి రీడరుకి మాత్రం నేను నిజం చెప్పాల్సి వచ్చింది.

మనం గట్టెక్కాం తమ్ముడూ.

అక్క

*

కరెంటు ఆఫీసు,
మీటర్ల గది.

ఒరే బామ్మర్దీ,

నేను నీకు విడిగా ఉత్తరం రాయడం ఇదే మొదలు. మీ అక్క దిద్దదు కాబట్టి తప్పులుంటే నువ్వే సర్దుకో, నీకు ఎలాగూ కనపడవు.

నువ్వు తొండి చేశావురా.

ఇన్నేళ్ళలో నన్ను తిట్టకుండా ఒక్క స్కోరు రాశావా? నేను ఓడితే పేజీ, మీ రేవు జట్టు చేతిలో ఓడితే రెండు పేజీలు. మా అమ్మని, మా వీధిని, నా మీసాన్ని, దేన్నీ వదిలేవాడివి కాదు. కప్పు గెలిచి నన్ను ఒక్క మాట అనలేదు నువ్వు. ‘బాగా ఆడారు’ అని రాశావు. ‘ముసలోడు కష్టపడ్డాడు’ అని రాశావు. ‘నీ శత్రువు’ అని సంతకం పెట్టలేదు. మీ అక్క చేతిలోంచి కాగితం లాక్కుని మళ్ళీ చదివాను.

నిజానికి అంతకు ముందే అనుమానం ఉంది. మీటరు చక్రం ఎవరింట్లో నెమ్మదిగా తిరుగుతోందో చూడగానే చెప్పేవాణ్ణి, నా చక్రం నాకు తెలియదా? గెలిచినప్పుడు జాలిపడుతున్నావేమో అనుకున్నాను. ఓడించిన తీరు చూశాక తేలిపోయింది. గెలుపే నిజం, ఓటమే జాలి.

మా నాన్నలా గోడవైపు తిరుగుతాననుకున్నాను. తిరగలేదు. మీ అక్క కాగితం పట్టుకుని నా మొహంలోకి చూస్తోందిరా. ఆ చూపు చూశాక ఎటు తిరుగుతాను? తొడ చరిచాను, నిన్ను తిట్టాను, రెండోసారి వడ్డించుకుని తిన్నాను. ఆ తిండి కడుపులో ఉండలేదు, అది వేరే సంగతి. ఆవిడ మొహం వెలిగింది చూడు, పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు.

ఆవిడకి చెప్పకు. నాకు తెలియదన్న ధైర్యంతోనే ఆవిడ లేచి జడేసుకుని ప్రెస్సుకి వెళ్తోంది. ఆ ధైర్యం తీసేస్తే ఇంట్లో ఇద్దరు రోగులవుతాం.

ఇక రాజ్యవ్యవహారాలు. ఆర్థిక మంత్రిగా ఇది నా ఆఖరి బడ్జెట్. కోటు గుండీ, చొక్కా గుండీ ఇక నుంచి సమానం. నువ్వు గెలిచావు, ఏడవకు. రెండోది ఎన్నిక. నేను లేకపోతే మీ అక్కకి ఒకటి, నీకు ఒకటి. ప్రభుత్వం నిలవదు. నిక్కర్లో ఉన్నప్పట్నుంచీ ప్రతిపక్షంలో ఉన్నావు, ఇబ్బందేనని తెలుసు. కానీ ఆ ఓటు మీ అక్కకి వెయ్యి.

మూడోది. అసలు మ్యాచ్ ఏమైందో రాయి. ఈ ఆఫీసు అడ్రసుకి రాయి, మావాడు తెచ్చిస్తాడు. తిట్లతో రాయి. తిట్లు లేకపోతే నమ్మను.

నీ శత్రువు,
బావ

*

డ్యామ్ క్యాంపు,
మూడో నంబరు షెడ్డు.

దొంగ బావా, గుండెలు తీసిన బంటూ, మీటర్లకి తప్ప మనుషులకి పనికిరానివాడా,

ఇదిగో నీ మ్యాచ్. తీసుకో.

ఇటుక బట్టీ రెండు, రేవు ఒకటి. చాలా? మీసం తిప్పుకో, ఆ నాలుగు వెంట్రుకలూ ఊడిపోకుండా తిప్పుకో.

ముందు మా రేవు వాళ్ళే గోలు కొట్టారు. నీ గోలీ ఆ సమయంలో ఎక్కడున్నాడో వాడి పెళ్ళానికి కూడా తెలియదు. బంతి వలలో పడ్డాక ‘వచ్చిందా?’ అని అడిగాడు. తరవాత నీ వాళ్ళకి ఒక గుడ్డి ఆరు పడింది. అది ఆట కాదు, దొంగతనం. చివరికి సమానంగా నిలిచింది. నీ వాళ్ళ ఆఖరి విసురు మిగిలింది. ఎవరిది? ఆ ముసలి పీనుగుది. ఇన్నేళ్ళలో బంతి కంటే ఎక్కువగా నేలని తన్నినవాడిది.

గ్లాసు నా చేతిలో ఉంది బావా. వంటాయన గరిటె పట్టుకుని వంగి చూస్తున్నాడు. షెడ్డు రేకుల మీద వాన. పాచిక వేశాను. దొర్లింది. బల్ల అంచు దాకా వెళ్ళింది. నేను దాన్ని పట్టుకోవాలి, నువ్వు ఓడిపోవాలి, అక్కకి మాటిచ్చాను. కానీ చెయ్యి రాలేదు. అది నీ ముసలోడిలాగే తూలి తూలి, పడీ పడనట్టు, ఒరిగింది.

ఆరు.

ముసలోడు కొట్టాడు బావా. దౌర్భాగ్యుడు కొట్టాడు. వంటాయన పెట్టిన కేకకి పక్క షెడ్డు వాళ్ళు కొండ విరిగిపడిందని బయటికి పరిగెత్తారు. నేను మీకు తప్పుడు స్కోరు పంపానని తెలిశాక ఆ మనిషి నాతో మాట్లాడటం మానేశాడు. నాకు మాడిన అడుగే పెడుతున్నాడు. ఇవాళ ఈ కాగితం చూపించాకే మంచి పై ముద్ద వేశాడు.

వాణ్ణి రిటైరు చెయ్యమన్న నా తీర్మానం వెనక్కి తీసుకుంటున్నాను. ఆడినన్నాళ్ళు ఆడనీ.

ఈ కవర్లో అడుగున గుడ్డలో చుట్టింది కప్పు. నా పెట్టెలో ఉండీ ఉండీ దానికి నా చొక్కాల వాసన పట్టింది, కడుక్కో. అద్దం ముందు పెట్టుకోలేవని తెలుసు. ఎక్కడో ఒకచోట పెట్టుకో.

ఓటు సంగతి విన్నాను. ఆలోచిస్తాను అని చెప్పడం నాయకుల పద్ధతి. నేను ఆలోచించను.

సిగ్గు లేనివాడా, ముందు పుట్టావు కదాని ముందే వెళ్ళాలా? నాతో ఒక్క మాట చెప్పాలని లేదా? ఇక నేను ఎవణ్ణి తిట్టాలి?

నీ శత్రువు,
నీ శత్రువు,
నీ శత్రువు

*

ఇల్లు.

తమ్ముడూ,

నువ్వు క్షేమంగా క్యాంపు చేరావని వంటాయన చేత రాయించావు. నువ్వే రాయొచ్చు కదా. నేను దిద్దననుకో.

నువ్విక్కడ ఉన్నన్నాళ్ళూ అడగాలనుకుని అడగలేదు. నువ్వు గిన్నెలు తోముతూ, కుళాయి బాగుచేస్తూ, నా ఎదురుగా కూర్చోకుండా తిరిగావు. నేనూ నీ ఎదురుగా కూర్చోలేదు. అక్కాతమ్ముళ్ళం, ఒక్క గుడ్డలో కత్తిరించిన ముక్కలం.

వచ్చినవాళ్ళందరికీ ఆయనకి ఆఖరిదాకా తెలియదనే చెప్పాను. పుండనే అనుకున్నారు, హాయిగా వెళ్ళిపోయారు అన్నాను. అందరూ నీ అదృష్టమమ్మా అన్నారు.

వెళ్ళిపోయే ముందు వారం తోటి మీటర్ రీడరు ఒక లావుపాటి కవరు తెచ్చిచ్చాడు. ఆఫీసు కాగితాలట. నన్ను మంచినీళ్ళకి పంపి చదువుకున్నారు. వంటింట్లోకి నవ్వు వినిపించింది. మంచం మీద పడ్డాక ఆయన అలా నవ్వడం వినలేదు. దగ్గు వచ్చేదాకా నవ్వి, దగ్గుతూ కూడా నవ్వి, కళ్ళు తుడుచుకుంటూ ‘ఏం లేదే, ఆఫీసు గొడవ’ అన్నారు. కాగితం చించి ముక్కలు చేసి, తనే లేచి వెళ్ళి పొయ్యిలో వేశారు. అదే ఆయన నడవడం నేను ఆఖరిసారి చూడటం.

ఆ తరవాత నీ ఓటు వచ్చింది. అధ్యక్షురాలికి నీ ఓటు. నిక్కర్లో ఉన్నప్పట్నుంచీ ఒక్కసారి వెయ్యనివాడివి. అప్పుడే అనుకున్నాను, మగాళ్ళిద్దరూ నా వెనక ఏదో మాట్లాడుకున్నారని.

ఆయన పోయిన రోజు, నువ్వు రాకముందు, చొక్కా మార్చేటప్పుడు, పాత చొక్కా జేబులో గట్టిగా ఏదో తగిలింది. అమ్మ ఇత్తడి టోపీ. నీ పెట్టెలో ఉండాల్సింది. తళతళలాడుతోంది, ఎన్నిసార్లు తుడుచుకున్నారో. ఎప్పుడూ ఎడం జేబు మీద చెయ్యి పెట్టుకుని పడుకుంటుంటే నొప్పేమో అని నేను రాస్తూ కూర్చునేదాన్ని.

ఎలా వచ్చిందో నేను అడగను. నువ్వు చెప్పకు. కొత్త చొక్కా జేబులో పెట్టి, గుండీ పెట్టేశాను. ఆయనతో వెళ్ళిపోయింది.

కాబట్టి లీగుకి కప్పు లేదు. ఇంకోటి చూడు. ఇటుక బట్టీ జట్టు నేను తీసుకుంటున్నాను. ముసలోణ్ణి దింపను. ఈ ఏడు మ్యాచ్‌లు ఎప్పుడు మొదలుపెడతావో రాయి, నేను గట్టిగా చదువుతాను, గోడలు వింటాయి.

బట్టీ ఓడిపోతే తిట్టు. ఎన్ని పేజీలైనా తిట్టు. తిట్టకుండా మాత్రం స్కోరు రాయకు.

అక్క